నాన్న కుర్చీలోంచి లేవడం మానేశారు. ఇరుగుపొరుగు ఏం చేస్తే నిజంగా పనికొస్తుంది?

కిటికీపక్కన (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాన్నకి 71. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) అని తేలి ఎనిమిదేళ్లయింది. 31 ఏళ్లు రంపపు మిల్లులో పనిచేశారు, పొట్టు దుమ్ములోనే బతికారు. దానికి తోడు సిగరెట్టు. అది మాత్రం ఆరేళ్ల క్రితం మానేశారు.

ఈ ఏడాది రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డారు. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంతో ఇచ్చే మిషను) రాసిచ్చారు. నిమిషానికి రెండు లీటర్లు, రోజుకి కనీసం 15 గంటలు. డిశ్చార్జి కాగితం చివర "నడక" అని ఒకే ఒక్క ముక్క ఉంది. ఎంత దూరమో, ఆయాసం వస్తే ఏం చేయాలో రాయలేదు. అడుగుదామనుకునేలోపు తర్వాతి పేషెంటును పిలిచేశారు.

ఇప్పుడు నాన్న ప్రపంచం అంటే కిటికీ పక్క కుర్చీ, మంచం, బాత్రూమ్. కుర్చీ నుంచి బాత్రూమ్‌కి పద్నాలుగు అడుగులు, నేను లెక్కపెట్టాను. అదీ అమ్మ భుజం పట్టుకునే. "నడిస్తే ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే పోతాను, నన్నిలా వదిలెయ్యండి" అంటారు. అమ్మ అన్నీ చేతికందిస్తోంది. కళ్లజోడు కూడా ఆయన్ని తీసుకోనివ్వదు.

మొదటి వారం చుట్టాలూ పక్కిళ్లవాళ్లూ వరసపెట్టి వచ్చారు. తలా ఒక చిట్కా చెప్పారు, ఆయన ముందే "పాపం" అన్నారు, వెళ్లారు. మూడో వారం నుంచి ఎవరూ లేరు. కనపడితే మాత్రం "ఏమైనా కావాలంటే మొహమాటపడకండి" అంటారు. నిజంగానే అంటారు, నాకు తెలుసు. కానీ వాళ్లని ఏం అడగాలో నాకే తెలియదు.

మా సందులోనే ఇలాంటి జబ్బుతో ఇంకో ఇద్దరున్నారు. పై వాటా బాబాయిగారు ఒకరు, చివరింటి పెద్దావిడ ఒకరు (ఆవిడ జన్మలో సిగరెట్టు ముట్టలేదు, కట్టెల పొయ్యి పొగ). ముగ్గురూ మూడు కిటికీల దగ్గర కూర్చుని ఉంటారు. వీళ్లని కలిపి ఏదైనా చేయొచ్చా? లేక లేనిపోని పని పెట్టుకుంటున్నానా?

మందుల పేర్లు చెప్పకండి దయచేసి. అవి డాక్టరుగారు చూస్తున్నారు.

---

పదోమెట్టు

బాబూ, నేను 29 ఏళ్లు స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. మైదానం ఆ చివరనున్న పిల్లాడు ఉలిక్కిపడేలా విజిల్ ఊదిన వాణ్ణి. ఇప్పుడు మనవడి బెలూన్ వాడే ఊదుకుంటాడు. సీఓపీడీతో పదకొండో ఏడు నడుస్తోంది. ఊదుడు పరీక్షలో (గాలి ఎంత వేగంగా బయటికి ఊదగలనో చూసేది) నాకు రావాల్సిన దాంట్లో 34 శాతం వస్తోంది. ఇదంతా ఎందుకంటే, మీ నాన్నగారి కుర్చీలో నేనూ ఏడు నెలలు కూర్చున్నాను.

ఆయనది బద్ధకం కాదు, భయం. ముందు ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. ఆయాసంతో రొప్పుతున్నవాడి దగ్గర నిలబడి "టెన్షన్ పడకండి" అనడం, నూతిలో పడ్డవాడికి పైనుంచి "తడవకు" అని చెప్పడం లాంటిది.

మా జబ్బులో చాలామందికి తెలియని కిటుకొకటుంది. గాలి లోపలికి పోకపోవడం కాదు అసలు గొడవ, లోపలిది బయటికి రాకపోవడం. ఊపిరితిత్తులు సాగిపోయిన రబ్బరులా అయిపోతాయి, పాత గాలి లోపలే ఉండిపోతుంది. కంగారులో గబగబా పీలుస్తాం, పాతది పోకముందే కొత్తది ఎక్కిస్తాం. రొమ్ము బిగుసుకుపోతుంది. అందుకని పీల్చడం మీద కాదు, వదలడం మీద మనసు పెట్టాలి. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, విజిల్ ఊదేవాడిలా పెదాలు సున్నా చుట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. బలంగా ఊదకూడదు. నా బతుకంతా విజిల్ ఊదాను, సరిగ్గా ఊదడం మాత్రం 60 దాటాక నేర్పారు.

కుర్చీ సంగతి. కూర్చున్నకొద్దీ తొడల్లో కండ కరిగిపోతుంది. కండ లేని కాలికి అవే పద్నాలుగు అడుగులకి ఎక్కువ గాలి కావాలి. ఎక్కువ ఆయాసం, ఎక్కువ భయం, మళ్లీ కుర్చీ. మీ అమ్మగారు ప్రేమకొద్దీ కళ్లజోడు అందిస్తున్నారు. ఆవిణ్ణి ఏమీ అనకండి, కానీ రేపటి నుంచి కళ్లజోడు రెండడుగుల దూరంలో పెట్టమనండి.

నాకు బుద్ధి వచ్చింది బాత్రూములో. స్నానం బాగానే అయింది. తల తుడుచుకుందామని రెండు చేతులూ పైకెత్తాను, తువ్వాలు మొహం మీద ఉంది. ఉన్నట్టుండి గాలి లేదు. లోపల ఆవిరి, తలుపుకి గడియ. గోడకి ఆనుకుని అలా జారి కూర్చున్నాను. బయట మా ఆవిడ తలుపు బాదుతోంది, "ఆఁ" అనడానికి కూడా గుక్క చాలలేదు. తర్వాత తెలిసింది: మాలాంటివాళ్లకి భుజాల దగ్గరి కండలు కూడా ఊపిరికి సాయం చేస్తుంటాయట. చేతులు పైకెత్తితే వాటికి వేరే పని పడుతుంది. ఇప్పుడు లోపల స్టూలు ఉంది, నీళ్లు గోరువెచ్చగానే, తలుపు చేరవేస్తానంతే. ఒళ్లు తుడుచుకోను. తువ్వాలు గుడ్డతో కుట్టిన పొడుగు అంగీ తొడుక్కుని అయిదు నిమిషాలు కూర్చుంటే అదే ఆరిపోతుంది.

ఇక ఇరుగుపొరుగు. మా కింది వాటాలో బస్సు కండక్టరుగా రిటైరైనాయన ఉన్నాడు. "ఏమైనా కావాలా" అని అతను అడగలేదు. "సాయంత్రం ఐదుకి వస్తున్నా, చెప్పులేసుకుని రెడీగా ఉండండి మాస్టారూ" అన్నాడు. నేను రానన్నాను. అయినా వచ్చాడు. చేతిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకటి గుమ్మం అవతల వేశాడు, రెండోది ఇంకో పదిహేను అడుగుల దూరంలో. మొదటి కుర్చీ దగ్గరికి చేరగానే "స్టాప్! దిగేవాళ్లు దిగండి" అని అరిచాడు. నవ్వొచ్చి ఆయాసం పెరిగింది. వెధవ నవ్వించకూడదని అప్పుడే చెప్పేశాను. నడిచేటప్పుడు మాట్లాడించకూడదనీ చెప్పాను, మాటకీ అదే గాలి కావాలి కదా.

ఆ కుర్చీయే మందు. "ఎంత దూరం నడవగలను" అన్నది కాదు నా భయం, "మధ్యలో ఆగిపోతే ఎక్కడ కూర్చోను" అన్నది. కూర్చునే చోటు కనపడితే కాలు కదులుతుంది. మెట్ల సంగతి నా పేరులోనే ఉంది. మొదటి నెల పదో మెట్టు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు నాలుగు స్టాపులతో 400 మీటర్లు, వారానికి ఐదు రోజులు. నా 34 శాతం 34గానే ఉంది. పెరగదు కూడా.

మీ పొరుగువాళ్లు నిజంగానే అడుగుతున్నారంటున్నారు కదా, అయితే పనులు పంచిపెట్టండి. ఒకరికి ఐదు గంటల నడక. ఒకరికి కరెంటు పోయినప్పటి డ్యూటీ. కాన్సన్‌ట్రేటర్ కరెంటు మీద నడిచేది, పోగానే ఆగిపోతుంది. చేతికందేలా ఒక సిలిండర్, అది తిప్పడం తెలిసిన మనిషి రాత్రి కూడా ఉండాలి. వచ్చేవాళ్లకి జలుబుంటే రావద్దని చెప్పే కఠినమైన మనిషి ఒకరు కావాలి, ఆ పని ఆడపడుచులకి బాగా కుదురుతుంది. సెంటు కొట్టుకుని రావద్దనండి. ఆయాసంలో ఉన్నప్పుడు అవును కాదు అని తలూపితే సరిపోయే ప్రశ్నలే వెయ్యమనండి.

ఆ ముగ్గుర్నీ కలపండి. లేనిపోని పని కానే కాదు. మీ పెద్దావిడకి పొగతాగే అలవాటు లేదంటున్నారు కదా, అదొక్కటి గట్టిగా చెప్పండి అందరికీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఈ జబ్బుతో 35 లక్షల మంది పోయారు, మరణ కారణాల్లో నాలుగోది. అయినా దగ్గు వినపడగానే "తాగాడు, అనుభవిస్తున్నాడు" అనే చూపొకటి ఉంటుంది. ఆ చూపుకి భయపడే సగంమంది గుమ్మం దాటరు.

---

తెల్లకోటులేని_ఫిజియో

మాస్టారు చెప్పినదాంట్లో దిద్దాల్సింది పెద్దగా లేదు. ఊపిరితిత్తుల జబ్బువాళ్లతో పనిచేస్తుంటాను కాబట్టి రెండు జాగ్రత్తలు మాత్రం.

మీ డాక్టరుగారిని "పల్మనరీ రిహాబిలిటేషన్‌కి రాసిస్తారా" అని ఆ పేరుతోనే అడగండి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి రెండు మూడుసార్లు ఉంటుంది. నడక, కాళ్ల వ్యాయామం, ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం, భయాన్ని పట్టుకోవడం అన్నీ అందులోనే. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో మొదలుపెడితే మళ్లీ చేరాల్సిన అవసరం తగ్గుతుంది. ఊదుడు పరీక్ష అంకె మారకపోయినా మనిషి నడవగలుగుతాడు, మాస్టారే సాక్ష్యం. దగ్గర్లో అలాంటిది లేకపోతే మీ సందులో పెట్టుకునే నడకే దానికి చిన్న తమ్ముడు.

నడిపించేముందు ఒక పరీక్ష కావాలి: ఆరు నిమిషాల నడక, వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) పెట్టి. కూర్చున్నప్పుడు బాగానే ఉన్న అంకె నడిస్తే పడిపోవచ్చు. అలా పడితే నడకలో కూడా ఆక్సిజన్ కావాలా, ఎంత కావాలి అన్నది డాక్టరు చెప్తారు. ఆయాసంగా ఉందని మీరే నాబ్ తిప్పి పెంచకండి. సీఓపీడీ ముదిరిన కొందరిలో ఆక్సిజన్ అతిగా ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, మత్తుగా పడి ఉండటం, పొంతన లేని మాటలు దాని గుర్తులు. అలాంటివాళ్లకి ఆక్సీమీటర్ అంకె 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. మీ నాన్నగారికి ఎంత ఉండాలో అడిగి మిషను మీద రాసి అతికించండి. 100 చూపించాలని తాపత్రయపడే కొడుకుల్ని రోజూ చూస్తుంటాను.

15 గంటలు అన్నది గాల్లోంచి వచ్చిన అంకె కాదు. 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనల ఫలితం అది. రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువున్నవాళ్లలో రోజుకి 15 గంటలు, ఆపైన పెట్టుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికారు. రాత్రి మాత్రమే పెట్టుకుంటే అంత లాభం కనపడలేదు. ఆయాసం వచ్చినప్పుడు కాసేపు పెట్టుకుని తీసేసే వస్తువు కాదది.

మిషను గోడకీ పరదాకీ ఆనించకండి, ఫిల్టరు వారానికోసారి కడగండి. దగ్గర్లో నిప్పు, సిగరెట్టు వద్దు. గొట్టం ఒరుసుకుని ముక్కు మండితే పెట్రోలియం జెల్లీ రాయకండి, నీటితో చేసిన జెల్ వాడండి. గొట్టం నడిచే దారికి అడ్డంగా ఉంటే మీ అమ్మగారే ముందు పడతారు.

చిన్న చేతి ఫ్యాను ఒకటి కొనండి. బ్యాటరీది. బుగ్గలకీ ముక్కుకీ తగిలేలా పెట్టుకుంటే ఆయాసం అనే భావన తగ్గుతుంది. 2010లో కేంబ్రిడ్జ్‌వాళ్లు ముఖానికి పెట్టి, కాలికి పెట్టి రెండూ పోల్చి చూశారు, ముఖానికి పెట్టినప్పుడే పనిచేసింది.

నడకలో ఆయాసం రావాలి, అది మంచిదే. ఆగి కూర్చున్న కొద్ది నిమిషాల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తి చేయలేకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా నడక సంగతి వదిలేసి ఆసుపత్రికి.

---

సగంనిద్ర

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పింది చదివి నవ్వుకున్నాను, కొంచెం కోపం కూడా వచ్చింది. "కళ్లజోడు రెండడుగుల దూరంలో పెట్టండి" అని రాయడం తేలికే. పెట్టాక ఆయన చూసే చూపు భరించాల్సింది ఆవిడ.

మావారికి ఈ జబ్బు వచ్చి తొమ్మిదేళ్లు. రాత్రి ఆయన ఊపిరి చప్పుడు మారితే నాకు మెలకువ వస్తుంది. చప్పుడు ఆగితే ఇంకా తొందరగా వస్తుంది. మిషను గుర్రు నా చెవిలో ఎంత ఇంకిపోయిందంటే, ఎవరింట్లో ఫ్రిజ్ ఆగినా లేచి కూర్చుంటాను. మూడేళ్లు నేను ఒక్కదాన్నే బయటికి వెళ్లలేదు. ఎవరైనా వస్తే ఆయన్ని పలకరించేవారు. నన్ను మాత్రం "మీరుండబట్టి సరిపోయింది" అని మెచ్చుకుని వెళ్లిపోయేవారు.

నాకు పనికొచ్చింది ఎదురింటి అమ్మాయి. కాలేజీ పిల్ల. బుధవారం రెండు గంటలు వచ్చి ఆయన పక్కన కూర్చుని తన పుస్తకాలేవో చదువుకుంటుంది. గొట్టం ఊడితే ఎలా పెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఈ రెండే నేర్పాను. మొదటి బుధవారం నేను ఎక్కడికీ వెళ్లలేదు. పక్కగదిలో తలుపేసుకుని పడుకున్నాను, అంతే. లేచేసరికి చీకటి పడింది. ఆ పిల్ల ఇంకా కూర్చునే ఉంది.

కిటికీపక్కన గారూ, అందుకని పనులు పంచేటప్పుడు అమ్మగారి పేరున ఒక పూట రాయండి.

ఇంకోటి, ఇన్‌హేలర్. మావారికి మొదట్లో ఒక చిన్న మిషనూ కొన్ని క్యాప్సూల్సూ ఇచ్చారు. ఎలా వాడాలో ఎవరూ చేసి చూపించలేదు. ఆయన మూడు వారాలపాటు ఆ క్యాప్సూల్ మంచినీళ్లతో మింగారు! "ఈ మందు పనిచేయట్లేదు" అని మళ్లీ వెళ్తే అప్పుడు బయటపడింది. నవ్వకండి, ఈ పొరపాటు చేసేవాళ్లు చాలామందే ఉన్నారట. మీ నాన్నగారు ఎలా పీలుస్తున్నారో ఒకసారి డాక్టరు ముందే చేయించండి. పొడి మందైతే గట్టిగా, వేగంగా లాగాలి. స్ప్రే అయితే ఊపి, మెల్లగా, లోతుగా పీల్చి పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండూ తారుమారు చేస్తే మందు గొంతులోనే ఆగుతుంది. స్టీరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించాలి.

మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంటుంది, డాక్టరమ్మ చేత రాయించుకున్నది. మామూలు రోజు ఎలా ఉంటారు, కఫం రంగు మారినా ఎక్కువైనా, రోజూ చేసే పనికి ఎక్కువ ఆయాసం వచ్చినా ఏ మందు మొదలుపెట్టి ఎవరికి ఫోన్ చేయాలి, ఎప్పుడు ఆగకుండా అంబులెన్సు పిలవాలి. అది రాకముందు ప్రతి రాత్రీ నాదే తీర్పు. ఇప్పుడు కాగితం చూస్తాను. ఏటా ఫ్లూ టీకా తేదీ కూడా అందులోనే రాసుకున్నాం.

---

పదోమెట్టు

అమ్మా, తప్పు ఒప్పుకుంటున్నాను. మీ రాత మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆవిడెవరో గానీ నా నోట్లో మాట రాసింది" అంది. బుధవారం సంగతి ఇంట్లో చర్చకు వచ్చింది. కండక్టరుగారి భార్య వచ్చి నా దగ్గర కూర్చుంటుందట, నా మాట ఎవరూ అడగలేదు.

---

కిటికీపక్కన

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నడక పరీక్ష చేయించాం. కూర్చుంటే 91, నడిస్తే 85కి పడింది. నడకకి వేరేగా చక్రాల బండి మీద చిన్న సిలిండర్ రాసిచ్చారు. ఇప్పుడు కొత్త చిక్కు. ముక్కుకి గొట్టంతో వీధిలోకి రానంటున్నారు నాన్న. "అందరూ చూస్తారు" అంటారు. చూస్తారు కూడా, అబద్ధం చెప్పలేను కదా. ఏం చేశారు మీరంతా?

---

పదోమెట్టు

చూస్తారు. మొదటి నాలుగు రోజులు చూస్తారు. ఐదో రోజు "ఇవాళ లేటయిందేం" అంటారు.

ఒక్కణ్ణే పంపకండి. పై వాటా ఆయన్ని కూడా అదే టైముకి దింపండి. గొట్టంతో ఒకడు వెళ్తే రోగి, ఇద్దరు వెళ్తే కబుర్లు. పిల్లలు దగ్గరికొచ్చి అడుగుతారు, వాళ్లని తరమకండి. మా సందులో ఒక బుడ్డోడు "తాతా ఇది ఎక్కడ చార్జింగ్ పెడతావు" అన్నాడు. నాకా ప్రశ్న భలే నచ్చింది.

---

కిటికీపక్కన

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

మొదటి రెండు రోజులు నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మూడో రోజు పై వాటా బాబాయిగారు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ పెదాలు సున్నా చుట్టి ఊదుకుంటూ దిగొచ్చి మా గుమ్మం ముందు కుర్చీలో కూలబడ్డారు. మాట్లాడలేకపోతున్నారు. నాన్న ఆయన్నే చూస్తూ ఉన్నారు. కాసేపటికి తన చేతి ఫ్యాను ఆయనకిచ్చి, "ముక్కు దగ్గర పెట్టుకో, మెల్లగా వదులు" అన్నారు. ఇన్నాళ్లూ మేం చెప్తుంటే విసుక్కున్న మాటలే.

ఇప్పుడు సాయంత్రం ఐదుకి ముగ్గురూ వస్తున్నారు. పెద్దావిడ మా గేటు దాకా వచ్చి కూర్చుంటారు, అంతకుమించి రానంటారు, మేమూ బలవంతపెట్టడం లేదు. అమ్మకి మంగళవారం దొరికింది. పక్కింటి అక్క కూర్చుంటుంది, అమ్మ వాళ్ల చెల్లెలింటికి వెళ్లొస్తోంది. కరెంటు డ్యూటీ ఎదురింటి తమ్ముడిది. మొన్న రాత్రి రెండున్నరకి పోయింది, నేను లేచేలోపే తలుపు కొట్టాడు.

మధ్యలో ఒక వారం చెడ్డగా గడిచింది. కఫం పచ్చబడింది, మేమూ డాక్టరుగారి చేత రాయించుకున్న కాగితంలో ఉన్నట్టే ఫోన్ చేసి మందు మొదలుపెట్టాం, ఆసుపత్రి దాకా వెళ్లలేదు. ఆ తర్వాత మళ్లీ మొదటి కుర్చీ నుంచే నడక మొదలుపెట్టాల్సి వచ్చింది.

నిన్న కుర్చీలు వేస్తుంటే నాన్న లోపలినుంచి, "ఆ రెండోది ఇంకో రెండడుగులు అవతలికి వెయ్యరా" అన్నారు. వేశాను. అక్కడికి చేరి, కూర్చుని, గుక్క తిప్పుకుని, అంత దూరం వేసినందుకు నన్నే తిట్టారు.